బేబీకి కనిపించిన బంతి

సాయంత్రం అయిదు గంటల ఎండ ఎలా ఉంటుందో సాలూరులో నాకంటే బాగా తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను జ్ఞానానందం. ఇద్దరం ఇరవై రెండేళ్లుగా ఒకే షెడ్డులో లారీలకు బాడీలు కడుతున్నాం. చెక్కపని నాది, రంగులు అతనివి. నేను బిగించిన పలకల మీద అతను పూలూ నెమళ్లూ వేస్తాడు. లారీ ఓనరు ఏ దేవుణ్ణి కోరితే ఆ దేవుడి పేరు ముందు అద్దం పైన అందంగా రాస్తాడు. తను మాత్రం బాప్టిస్టు చర్చిలో పెద్ద.

మా షెడ్డుకు పడమర గోడ లేదు. నాలుగున్నర దాటిందంటే ఎండ సూటిగా లోపలికొచ్చి కళ్లలో పొడుస్తుంది. ఆ ఎండలో పలక మీద గీసిన గీత నాకు కనిపించదు, తడిరంగు మీద కుంచె ఎక్కడుందో అతనికి తెలియదు. అందుకని రోజూ ఆ వేళకు పడమటి వైపు ఒక పాత బరకం కడతాం. లారీ సరుకు మీద కప్పేది, ఒక్కడి వల్ల లేవదు. "సోములు బావా, పట్టు" అంటాడు అతను. నేను రెండో కొస పడతాను. ఇన్నేళ్లలో మేం గడియారం చూసి బరకం కట్టిన రోజు లేదు. ఎండ వాలే వేళ ఒంటికే తెలిసిపోతుంది.

ఈ వేసవిలో మా ఇంట్లో జరిగినది చెప్పాలంటే ముందు ఈ సంగతి చెప్పాలి.

మే నెలలో అమ్మవారి పండగ రోజుల్లో ఊళ్లో కుర్రాళ్ల సంఘం ఆడపిల్లలకు ఫుట్‌బాల్ పోటీలు పెట్టింది. మా వీధి జట్టులో మా అమ్మాయి ఈశ్వరి ముందు వరసలో ఆడుతుంది. మిషను కాంపౌండు జట్టుకు జ్ఞానానందం కూతురు బేబీ గోలీ, గోలు కాస్తుంది. ఇద్దరూ ఇంటర్ మొదటి సంవత్సరం, ఒకే బెంచీ, ఒకే సైకిలు. ఫైనల్ ఆ రెండు జట్లకే పడింది. విజయనగరంలో ఆడపిల్లల క్రీడా హాస్టలుకు ఎంపికలున్నాయనీ, గెలిచిన జట్టు నుంచి ఒక్క పేరు తాను రాసి పంపుతాననీ రిఫరీగా వచ్చిన యుగంధర్ మాస్టారు ముందే చెప్పారు. వారం రోజులు మా ఇంట్లో ఆ మాటనే అన్నంలో కలుపుకుని తిన్నాం.

నన్ను టైము చూడమన్నారు. పనికి అయిదు నిమిషాలు ముందే వచ్చే మనిషినని ఊళ్లో పేరుంది. అరగంట ఒక సగం, పది నిమిషాలు విరామం, మళ్లీ అరగంట. గడియారం నా చేతికిచ్చి గీత పక్కన కుర్చీ వేశారు.

నాలుగింటికి మొదలైంది. మా గ్రౌండు తూర్పు పడమరలుగా ఉంటుంది. మొదటి సగంలో మా పిల్లలు తూర్పు గోలు కాశారు. విరామానికి రెండు గోల్స్ ఇచ్చేశారు. ఆ రెండూ చక్కటి గోల్సే, కాదనడానికి లేదు. అటుపక్క బేబీ ఒంటి చేత్తో మావాళ్ల బంతులు నాలుగు ఆపింది.

విరామంలో ఈశ్వరి నా కుర్చీ దగ్గర కూలబడి మేజోళ్లు లాక్కుంటోంది. నా వైపు చూడలేదు.

"నీళ్లు తాగవే."

"వద్దు."

"ఇంకా అరగంటున్నాది కదా."

"నాన్నా, ఊరుకోవేటి" అంది.

అప్పుడే డప్పుల చప్పుడు వినపడింది. అమ్మవారి ఘటం గ్రౌండు పక్క రోడ్డు మీదుగా వస్తోంది. ఘటం వీధిలోకొస్తే చేతిలో పని ఆపి, చెప్పులు విడిచి నిలబడటం మా దగ్గర ఒకరు చెప్పక్కర్లేని మర్యాద. అందరూ లేచారు. మిషను పిల్లలు కూడా బూట్లు విప్పి నిలబడ్డారు. రోడ్డు మీదుగా పోతే పది నిమిషాల్లో దాటిపోయేదే.

నేను కుర్చీలోంచి లేచాను. పడమటి కొండల వైపు ఒకసారి చూసి, రోడ్డు మీదకు నడిచాను. ఘటం ఎత్తుకున్న జగ్గమ్మకు చేతులు జోడించి, "తల్లీ, పిల్లలాడతన్నారు. ఒక్క పాలి లోపలికొచ్చి దీవించు" అన్నాను.

ఘటం గ్రౌండులోకి వచ్చింది. అమ్మవారు ఆగిందని తెలిసి చుట్టూ నాలుగు వీధుల ఆడవాళ్లు పసుపునీళ్ల చెంబులు పట్టుకుని వచ్చేశారు. ఒక్కొక్కరూ జగ్గమ్మ కాళ్ల మీద నీళ్లు పోసి, వేపమండ ఉంచి, దణ్ణం పెట్టుకుంటున్నారు. చెంబుల వరస రోడ్డుదాకా ఉంది. మాస్టారు నా దగ్గరకొచ్చి "ఎంతయిందండీ టైము?" అని మెల్లగా అడిగారు. "అమ్మవారు కదలాలి కదండీ" అన్నాను. ఆయన ఈల జేబులో వేసుకుని వెనక్కి వెళ్లారు. జ్ఞానానందం అవతలి గీత దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను కూడా కొండల వైపే చూస్తున్నాడు.

రెండో సగం అయిదూ ఇరవై అయిదుకు మొదలైంది. ఇప్పుడు తూర్పు గోలు బేబీది. ఎదురుగా పడమర.

మొదటి గోలుకు బేబీ బంతి వచ్చే వైపు కాకుండా ఇంకో వైపు అడుగేసింది. రెండోదానికి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆ చెయ్యి దించేలోగా బంతి వల్లో ఉంది. మూడోది ఆఖరి నిమిషంలో ఈశ్వరి కొట్టింది. ఎడమ పక్కనుంచి ఇద్దర్ని తప్పించుకుని ఒక్కతే వచ్చి, గోలు మూలకు నేలబారుగా కొట్టింది. నా చేతిలో గడియారం అయిదూ యాభై నాలుగు. ఇంకో నిమిషానికి ఈల వెయ్యమని చెయ్యి ఎత్తాను. మూడు రెండు.

మా వీధి వాళ్లు ఈశ్వరిని భుజాల మీద ఎక్కించుకుని అమ్మవారి గుడిదాకా ఊరేగించారు. బేబీ బూట్ల తాళ్లు విప్పుకుంటూ గోలు కర్ర దగ్గరే కూర్చుంది.

*

ఆ మర్నాటినుంచి మా షెడ్డు పక్క దాలయ్య టీ బడ్డీలో ఇదే గొడవ.

"ఎనకబడి గెలవడమంటే మాటలేటి. కాళ్లలో సత్తువుండాల" అనేవాడు ఒకడు.

"సత్తువకేటిగాని, సూర్యుడు మీకు పన్నెండో ఆటగాడురా. కప్పులో ఆయనకీ వాటా ఇయ్యండి."

"ఓర్నీ, మొదటి సగం మా గోలీ కూడా అటే సూసినాది కాదేటి?"

దాలయ్య గ్లాసులు కడుగుతూ అందుకునేవాడు. "నాలుగింటి సూర్యుడూ అయిదున్నర సూర్యుడూ ఒకటేనేటిరా? పెళ్లికి ముందూ తరవాతా నువ్వొకలాగే ఉన్నావేటి?"

అందరూ నవ్వేవారు. జ్ఞానానందం కూడా నవ్వేవాడు. టీ తాగేసి, గ్లాసు బోర్లించి లేచిపోయేవాడు.

ఫైనల్ మర్నాడు నాలుగున్నరకు అతను బరకం పట్టమనలేదు. తను రంగు వేస్తున్న లారీని డ్రైవరు చేత తిప్పించి నీడ పక్కకు పెట్టించుకున్నాడు. నేను కళ్లలో ఎండతోనే పలకలు కోశాను. ఆ సాయంత్రం ఒక పలక గీత తప్పింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మాటలు మామూలుగానే ఉన్నాయి. బరకం మాత్రం మూల చుట్టి ఉంది.

ఇంట్లో మా ఆవిడ వెంకటలక్ష్మి కప్పును అమ్మవారి పటం కింద పెట్టి బొట్టు పెట్టింది. "తల్లి ఇచ్చినాది. రెండు గోల్స్ ఎనకబడినోళ్లని లేపి కూకోబెట్టినాది" అంది.

ఈశ్వరి అన్నం కెలుకుతూ, "అమ్మోరు ఇచ్చేస్తే మరి నానేటి కొట్టినానమ్మా?" అంది.

వెంకటలక్ష్మి నా వైపు చూసింది. నేను మజ్జిగ అడిగాను.

బేబీ సైకిలు బెల్లు మా గుమ్మంలో మోగడం మానేసింది. వీధిలో కుర్రాళ్లు ఆ పిల్లకు నల్లకళ్లద్దాలు అని పేరు పెట్టారట. హాస్టలు కాగితం వచ్చింది. యుగంధర్ మాస్టారు ఈశ్వరి పేరే రాశారు. కింద పిల్ల సంతకం, తండ్రి సంతకం ఉండాలి. జూన్ పదికల్లా ఇచ్చెయ్యాలి. ఈశ్వరి ఆ కాగితాన్ని పుస్తకంలో పెట్టి మూసేసింది. నాలుగు రోజులాగి నేనే అడిగాను.

"నాన్నా, టైం సూసింది నువ్వు కదా" అంది. "నువ్వు సెప్పు. అది నాను గెలిసినానా, ఎవులైనా తెచ్చి సేతిలో పెట్టినారా?"

"నువ్వే గెలిసినావు తల్లీ."

"అంత బేగి సెప్పేసినావేటి?"

నేను నవ్వబోయాను. అది నవ్వలేదు. "గెలిసినట్టు నాకు తెలియాల. తెలకుండా ఆ కాగితం మీద నా పేరు రాయను" అంది.

*

నేను ఆదివారాలు ఉప్పు తినను. మా నాన్న దగ్గర్నుంచి వచ్చిన నియమం. ఏడాదికోసారి అరసవల్లి వెళ్లి సూర్యనారాయణ స్వామిని చూసి వస్తాను. ఆ నెలాఖరు ఆదివారం తెల్లవారే బస్సెక్కి రాజాం మీదుగా వెళ్లాను. గుళ్లో నిలబడి అడుగుదామనుకున్నాను. ఏమని అడగాలో కుదరలేదు. స్వామీ, ఆ రోజు నువ్వు మా పక్షాన ఉన్నావా అనా? బేబీ ఏం పాపం చేసింది? లేదూ, నువ్వు రోజూ దిగే దారినే దిగావు, నిన్ను వాడుకున్నది నేనా అనా? ఇది అడగడానికి నోరు రాలేదు.

దర్శనమై బయటికొచ్చి మెట్ల మీద తూర్పుకు తిరిగి, అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని దణ్ణం పెట్టాను. అప్పుడు తట్టింది, నలభై ఏళ్లుగా దణ్ణం పెడుతున్న దేవుణ్ణి నేను కళ్లు తెరిచి చూసింది లేదని. ఎలా చూస్తాం? చూడలేం కాబట్టే మూసుకుంటాం. గోలు కాసే పిల్ల మూసుకోగలదా?

సోమవారం షెడ్డులో మధ్యాహ్నం అన్నాలు తింటున్నప్పుడు జ్ఞానానందాన్ని అడిగేశాను. అప్పటిదాకా నా బెంగంతా ఎండ గురించే.

"బావా, ఆ రోజు ఆలస్యమైపోతే, ఎండ ఎలగుంటాదో నీకు తెలుసు కదా. మిగిలిన సగం మర్నాడు ఆడదామని మాస్టారికి ఒక మాట సెప్పలేకపోయినావేటి?"

అతను ముద్ద కలుపుతూ, "ఏటని సెప్పను?" అన్నాడు. "ఊరంతా సెప్పులిప్పి నిలబడినాది. సర్చి పెద్దనొచ్చి అమ్మోరి ముందర గడియారం సూపించమంటావేటి?"

కోపంగా అనలేదు. ఎండగా ఉంది, నీళ్లు తాగు అన్నట్టు అన్నాడు.

"నువ్వయితే సెప్పొచ్చు బావా. పిల్లల కోసం సెప్పినాడు, భక్తుడు అంతారు. అదే మాట నాను సెప్తే ఇంకోలా అంతారు. అందుకే ఊరుకున్నాను."

తన గిన్నెలోంచి మామిడికాయ ముక్క తీసి నా గిన్నెలో వేశాడు. రోజూ వేసేదే. ఆ ముక్కను గిన్నె అంచుకు జరిపాను.

ఎండను తీసుకొచ్చానా లేదా అని నెల రోజులుగా నన్ను నేను తవ్వుకుంటున్నాను. అది కాదు అసలు సంగతి. అతను నోరెత్తలేని చోటు చూసి అక్కడ నేను చేతులు జోడించాను. నా దణ్ణం నిజమే. నిజమైన దణ్ణం కూడా అలా అడ్డం పడగలదని నాకు ఎవరూ చెప్పలేదు.

*

ఆ సాయంత్రం పని మధ్యలో ఆపేసి ఇంటికెళ్లి ఈశ్వరిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఘటాన్ని లోపలికి పిలిచింది నేనే కదా అన్నాను.

"అందరికీ తెలుసు నాన్నా."

"పిలిసే ముందు కొండల పక్క సూసినాను. అది ఎవులికీ తెలీదు."

కాసేపు నా మొహం చూసింది. "ఎండ కోసమే పిలిసినావా?"

"అమ్మోరు వస్తే నీకు మంచి జరుగుతాదని పిలిసినాను. ఎండ కూడా సూసినాను. రెండిట్లో ఏది ముందో నాకే తెలట్లేదమ్మా."

అది లేచి మంచం కింద నుంచి బంతి తీసింది. "పద" అంది.

దారిలో మిషను కాంపౌండు దగ్గర ఆగి, బేబీ వాళ్ల గుమ్మంలో ఉన్న సైకిలు బెల్లు కొట్టింది. బేబీ బయటికొచ్చి మమ్మల్నిద్దర్నీ చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఈశ్వరి, "బూట్లేసుకోయే. మా నాన్న గోలీ ఆడతాడట" అంది.

అయిదున్నరయింది. గ్రౌండులో ఎవరూ లేరు, దూరంగా రెండు మేకలున్నాయి. నన్ను తూర్పు గోలులో నిలబెట్టారు. పంచె ఎగ్గట్టి, చేతులు చాపి నిలబడ్డాను. సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉన్నాడు. పిల్లలిద్దరూ రెండు నల్లటి గీతల్లా ఉన్నారు. కాసేపటికి ఆ గీతలు కూడా కరిగిపోయాయి.

బంతికి కాలు తగిలిన చప్పుడు వినపడింది. తరవాత నా వెనక వల చప్పుడు. మధ్యలో ఏమీ లేదు.

"సూసినావా నాన్నా?"

"నేదు."

మళ్లీ కొట్టింది ఒకతె. మళ్లీ అంతే. కళ్లు మూసుకోకూడదని గట్టిగా అనుకున్నాను, నీళ్లు కారిపోతున్నాయి. ఎన్ని కొట్టారో లెక్క తప్పింది. ఒక బంతి వచ్చి నేరుగా రొమ్ముకు తగిలింది. పంచె చుట్టుకుని వెనక్కి కూలబడ్డాను. లేవబోయి చూసుకుంటే బంతి నా ఒళ్లోనే ఉంది.

"మావయ్య ఆపేసినాడే" అంది బేబీ. ఇద్దరూ పగలబడి నవ్వారు. వాళ్లు కలిసి నవ్వడం ఆ నెలలో అదే మొదటిసారి.

అలాగే నేల మీద కూర్చుని బేబీకి కూడా చెప్పాను. కొండల వైపు చూసిన సంగతి, తన తండ్రి నాతో అన్న మాట, రెండూ చెప్పాను. తప్పు నాదే తల్లీ అన్నాను. ఆ పిల్ల గోలు కర్రకు ఆనుకుని బూటు కొసతో మట్టి గీకుతూ వింది.

"మావయ్యా" అంది చివరికి. "మొదటి రెండూ నాకు కనిపించనేదు. మూడోది కనిపించినాది."

ఈశ్వరి తల తిప్పింది.

"నీ కాలి దగ్గర్నించి వలదాకా సూసినాను. దూకినాను కూడా. అందనేదు. ఊళ్లో అందరూ ఎండ ఎండ అంటంటే, పోన్లే అని నానూ ఎండనే అన్నాను."

"నిజమేనా?"

"నిజమే."

"ఒట్టెయ్యి."

"మా ఇంట ఒట్లెయ్యరు. అవునంటే అవునే."

ఈశ్వరి బంతిని బూటు కింద అటూ ఇటూ దొర్లించింది. "అయితే రెండు తీసేస్తే మేం ఓడిపోయినట్టే" అంది. బంతిని ఆపి, "ఒకటి మాత్రం నాది" అంది. ఆ ఒకటీ చాలన్నట్టుంది గొంతు.

ఇంటికొచ్చాక పుస్తకంలోంచి కాగితం తీసి సంతకం పెట్టింది. తరవాత నేను పెట్టాను. మర్నాడు పటం కింద కప్పు లేదు. ఈశ్వరి పసుపుబొట్టుతో సహా తీసుకెళ్లి బేబీ వాళ్లింట్లో పెట్టి వచ్చింది. "అమ్మోరి కప్పే అక్కడికా?" అని వెంకటలక్ష్మి నోరు తెరిచింది కాని, నా మొహం చూసి పటం ముందు దీపం సర్దుకుంది.

జూన్‌లో ఎంపికలయ్యాయి, ఈశ్వరికి సీటు వచ్చింది. ట్రంకుపెట్టె బస్సు మీదకు ఎక్కించడానికి బేబీ వచ్చింది. బస్సు కదిలేదాకా ఇద్దరూ కిటికీలోంచి ఏదో తిట్టుకుంటూనే ఉన్నారు. ఇల్లు ఇప్పుడు చప్పుడు లేకుండా ఉంది. అమ్మవారికి రోజూ దణ్ణం పెడుతున్నాను. ఇదివరకులా ఫలానాది ఇయ్యి అని అడగడం లేదు.

ఒక్కటే నన్ను వదలదు. మూడో గోలు అయిదూ యాభై నాలుగుకు పడింది. అప్పటికి సూర్యుడు కొండ అంచుకు దిగిపోయి ఉంటాడు. షెడ్డులో ఆ వేళకు బరకం లేకపోతే నా చెయ్యి నాకు కనిపించదు. ఆ వెలుగులో నేలబారుగా వచ్చే బంతి కాలి దగ్గర్నుంచి వలదాకా బేబీకి కనిపించిందా? కనిపించి ఉండవచ్చు. చిన్నపిల్లల కళ్లు. కనిపించకపోయి కూడా ఉండవచ్చు.

బస్సెక్కించిన మర్నాడు షెడ్డులో జ్ఞానానందం ఒక లారీ వెనక తలుపు మీద తామరపువ్వు వేస్తున్నాడు. లారీని తిప్పించలేదు. నేను చిత్రిక పక్కన పెట్టి దగ్గరకెళ్లాను.

"బావా, ఆ మూడో బంతి బేబీకి నిజంగా కనిపించినాదేటి?"

అతను కుంచెను గుడ్డతో తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

"నాను అడగనేదు" అన్నాడు. "నువ్వూ అడక్కు."

తరవాత మూలకెళ్లి చుట్టి ఉన్న బరకం విప్పి, దుమ్ము దులిపాడు.

"పట్టు బావా. ఎండొచ్చేస్తన్నాది."

నేను రెండో కొస పట్టుకున్నాను.